ఆటలో అరటిపండ్లు: అమెరికా పిల్లల సాకర్‌లో పోటీ, సరదా

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు డాలస్ శివార్లలోని ఏ పార్కుకు వెళ్లినా ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. తడి ఆరని గడ్డి మీద తెల్ల గీతలు, వరసగా మడత కుర్చీలు, కాఫీ ఫ్లాస్కులు, మోకాళ్ల దాకా లాగిన మేజోళ్ల కింద షిన్ గార్డులు తొడుక్కున్న ఏడెనిమిదేళ్ల పిల్లలు, వాళ్ల వెనక ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో, అక్కడక్కడా "పరిగెత్తు నాన్నా, బంతి వదలకు" అని తెలుగులో కేకలు. దీన్ని ఇక్కడ రెక్ సాకర్ అంటారు; రెక్ అంటే రిక్రియేషనల్, సాకర్ అంటే మన ఫుట్‌బాల్. ఎంపికలేవీ లేకుండా ఫీజు కట్టిన పిల్లలందరినీ చేర్చుకొని, జీతం లేని తల్లిదండ్రులనే కోచ్‌లుగా పెట్టి నడిపే లీగ్ ఇది. దీనికి పైమెట్టు క్లబ్ సాకర్. అక్కడ ట్రైఅవుట్స్, అంటే ఎంపిక పరీక్షలు ఉంటాయి, జీతం తీసుకునే కోచ్‌లు ఉంటారు, ఏడాదికి వేల డాలర్లు ఖర్చవుతాయి, వారాంతాలన్నీ పొరుగూళ్ల టోర్నమెంట్లకే సరిపోతాయి. ఒక విధంగా అక్కడి లెక్క తేలిక, ఎందుకంటే గెలవడానికే వచ్చామని అందరికీ ముందే తెలుసు.

చిక్కంతా రెక్‌లోనే ఉంది. క్లబ్ ట్రైఅవుట్‌లో ఎంపిక కాక వెనక్కి వచ్చిన అబ్బాయి, స్నేహితురాలు చేరిందని తానూ చేరిన అమ్మాయి, ఇంట్లో ఐప్యాడ్ వదలడం లేదని తల్లి లాక్కొచ్చిన పిల్లవాడు ఒకే రంగు జెర్సీలో పక్కపక్కన నిలబడతారు. సీజన్ మొదట్లో జరిగే తల్లిదండ్రుల సమావేశంలో సగం మంది "పిల్లలు సరదాగా ఆడుకుంటే చాలు" అంటారు, మిగిలిన సగం "గెలవాలన్న కసి లేకపోతే ఆట నేర్చుకొని ఏం లాభం" అంటారు. వరసగా రెండు ఆటలు ఓడిపోగానే మొదటి సగంలో చాలామంది రెండో సగంలోకి మారిపోవడం కూడా ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నదే.

కొన్నేళ్లుగా వాలంటీర్ కోచ్‌గా ఈ మాటలు వింటూ వచ్చిన నాకు, ఈ వాదన మొదలయ్యే చోటే తప్పు ఉందనిపిస్తుంది. పోటీని తక్కెడలో ఒక పళ్లెంలో, సరదాను ఇంకో పళ్లెంలో పెట్టి, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందనుకుంటున్నాం. పిల్లల సంగతి అలా ఉండదు. వాళ్ల సరదాను చంపేది పోటీ కాదు, పోటీ లేకపోవడం. అంటే మొదటి పది నిమిషాల్లోనే ఫలితం తేలిపోయిన ఆట, తనకు పాత్రే లేని ఆట, పెద్దవాళ్ల పరువు తన కాళ్ల మీద మోపిన ఆట.

దీనికి ఆధారంగా చెప్పుకోదగిన పరిశోధన ఒకటి ఉంది. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అమాండా విసెక్ బృందం సాకర్ ఆడే 142 మంది పిల్లలను, 37 మంది కోచ్‌లను, 57 మంది తల్లిదండ్రులను కలుపుకొని, ఆటలో సరదా దేనివల్ల పుడుతుందో తేల్చే ప్రయత్నం చేసింది. 2015లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో సరదాకు కారణమయ్యే 81 అంశాలు తేలాయి, వాటిని 11 వర్గాలుగా విభజించారు. ఆ 81లో గెలుపుది 48వ స్థానం. "చూశారా, పిల్లలకు గెలుపు అక్కర్లేదు" అని చెప్పడానికి చాలామంది ఈ ఒక్క అంకెను ఎత్తి చూపుతుంటారు. అయితే అదే జాబితాలో పై మూడు వర్గాలు ఏమిటో చూడాలి: ఆటలో మర్యాదగా మెలగడం, గట్టిగా ప్రయత్నించడం, కోచ్ ప్రోత్సాహకరంగా ఉండడం. గట్టిగా ప్రయత్నించడం అనేది పోటీకి ఇంకో పేరు కాకపోతే మరేమిటి? పిల్లలు స్కోరును చిన్నచూపు చూశారే కానీ ఢీకొనడాన్ని కాదు. ఎదుటివాడు తన సత్తువంతా బయటికి లాగేటంత గట్టివాడైతే, ఓడినా ఆ ఆట సరదాగానే ఉంటుంది. 9–0తో ముగిసే ఆటలో గెలిచినవాడికి ప్రయత్నించాల్సిన అవసరం ఉండదు, ఓడినవాడికి ప్రయత్నించి లాభం ఉండదు.

మన ఊళ్లలో చిన్నపిల్లలను ఆటలోకి తీసుకొనే పద్ధతి ఒకటి ఉండేది. అన్న వెంట వచ్చి ఏడిచే తమ్ముణ్ణి పంపేయలేక "వీడు ఆటలో అరటిపండు" అనేవాళ్లు. వాడు పరిగెత్తవచ్చు, అరవవచ్చు, పట్టుకున్నా అవుట్ కాడు, ముట్టుకున్నా లెక్కలోకి రాడు. నాలుగేళ్ల పిల్లవాడికి అది గొప్ప వరం. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు, తాను అరటిపండునని గ్రహించిన క్షణం, అవమానం. రెక్ సాకర్‌లో సరదా పేరుతో మనకు తెలియకుండా చేసే పని తరచుగా ఇదే: ఆటలో ఉంచుతాం, లెక్కలోకి తీసుకోం.

నా జట్టులో ఒక అమ్మాయి ఉండేది. ఆట రెండు సగాల్లోనూ నియమం ప్రకారం ఇవ్వాల్సిన సమయం తప్పకుండా ఇచ్చేవాణ్ణి, వెనక కుడివైపు డిఫెండర్‌గా నిలబెట్టేవాణ్ణి. బంతి అటువైపు వస్తుందనిపించినప్పుడల్లా ఆమె వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకొనేది. దాన్ని అజాగ్రత్త అనుకున్నాను. ఒక శనివారం మేం గెలిచాం; పిల్లలు కమలా తొనలు, జ్యూస్ ప్యాకెట్ల చుట్టూ మూగుతుండగా ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి "కోచ్ అంకుల్, ఇవాళ నేను ఎన్నిసార్లు బంతి తన్నాను?" అని అడిగింది. జవాబు నాకు తెలియదు. మరుసటి వారం ఒక తండ్రి చేతికి అట్ట, పెన్సిలు ఇచ్చి ప్రతి పిల్ల పేరు ఎదుట గీతలు పెట్టమన్నాను. ఆట ముగిసేసరికి మా జట్టులో చురుకైన అబ్బాయి పేరు ఎదుట ముప్పైకి పైగా గీతలు, ఆ అమ్మాయి పేరు ఎదుట నాలుగు. సమయం ఇద్దరికీ దాదాపు సమానమే.

అమెరికాలో రెక్ సాకర్‌కు ఒక రూపం ఇచ్చిన సంస్థల్లో అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ ముఖ్యమైనది. 1964లో కాలిఫోర్నియాలోని టారెన్స్‌లో 9 జట్లతో మొదలైన ఈ సంస్థ, జట్టులో ఉన్న ప్రతి పిల్లా ప్రతి ఆటలో కనీసం సగం సేపైనా ఆడాలని నియమం పెట్టింది. బలాబలాలు సరిచూసి జట్లు కట్టాలన్నది దాని ఇంకో సూత్రం. మొదటి నియమం ఇవాళ చాలా లీగుల్లో ఏదో ఒక రూపంలో అమలవుతోంది, ఎందుకంటే దాన్ని గడియారంతో కొలవవచ్చు. అయితే గడియారం నిమిషాలను లెక్కపెడుతుంది తప్ప, కాలికి బంతి తగలడాన్ని లెక్కపెట్టదు.

ఆ లోపాన్ని పూడ్చే పనిని ఉపన్యాసాల కన్నా మైదానం కొలతలే బాగా చేశాయని నా అభిప్రాయం. యు.ఎస్. సాకర్ సమాఖ్య 2015లో ప్రకటించి 2017 నుంచి తప్పనిసరి చేసిన మార్పుల ప్రకారం, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు జట్టుకు నలుగురు చొప్పున, గోలీ (గోల్‌కీపర్) లేకుండా, 25 నుంచి 35 గజాల పొడవున్న బుల్లి మైదానంలో ఆడతారు. తొమ్మిది, పదేళ్ల వాళ్లు ఏడుగురు చొప్పున, పదకొండు, పన్నెండేళ్ల వాళ్లు తొమ్మిదిమంది చొప్పున ఆడతారు. పెద్దల లాగా పదకొండుమంది ఆట పదమూడో ఏడుతో కానీ మొదలు కాదు. లెక్క చూడండి: నలభై నిమిషాల ఆటలో ఒక బంతిని ఎనిమిదిమంది సమానంగా పంచుకుంటే తలకు ఐదు నిమిషాలు వస్తుంది, అదే బంతిని ఇరవై ఇద్దరు పంచుకుంటే రెండు నిమిషాలు కూడా రాదు. పైగా నలుగురి జట్టులో ఒకరిని దాచిపెట్టడానికి మూల అంటూ ఉండదు. ఆ వయసు పిల్లలు తేనెటీగల గుంపులా బంతి చుట్టూ ముసురుకుంటారు. దాన్ని చూసి తల్లిదండ్రులు "పొజిషన్, పొజిషన్" అని అరుస్తారు కానీ, ఆ గుంపులో ఉన్నవాడు ఆటలో ఉన్నట్టే.

ఏడుగురి ఆటలో తెచ్చిన బిల్డౌట్ లైన్, అంటే గోల్‌కూ మైదానం మధ్య గీతకూ నడుమ గీసే గీత కూడా ఇలాంటిదే. గోలీ చేతికి బంతి చిక్కగానే ఎదుటి జట్టు ఆ గీత వెనక్కి తగ్గాలి, గోలీ బంతిని గాల్లోకి దూరంగా తన్నకూడదు. ఇది పోటీని తగ్గించే నియమంలా కనిపిస్తుంది, నిజానికి పెంచుతుంది. అంతకుముందు గోల్ దగ్గరే కాపు కాసి, తడబడే పిల్లల నుంచి బంతి లాక్కొని గోల్ కొట్టడం సులువైన దారి; ఇప్పుడు రెండు జట్లూ ఏదో ఒకటి నేర్చుకోక తప్పదు.

ఇక రెండో సూత్రం, జట్ల సమానత్వం. రెక్ సాకర్ ఆరోగ్యం దీని మీదే ఆధారపడి ఉందంటాను, కానీ దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చాలా లీగుల్లో సీజన్ ముగిశాక కోచ్‌లు తమ పిల్లలకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు, తర్వాతి సీజన్‌కు ఆ మార్కులను బట్టి జట్లు కడతారు. ఇక్కడ జరిగే తిరకాసు ఊహించడం కష్టం కాదు. తన దగ్గరే ఉంచుకోవాలనుకున్న చురుకైన పిల్లకు కోచ్ ఐదుకు బదులు మూడు వేస్తాడు. మంచి ఆటగాడి తండ్రిని అసిస్టెంట్ కోచ్‌గా రాయించుకొని, ఆ పిల్లవాణ్ణి తన జట్టులోకే తెచ్చుకుంటాడు. ఒకే కారులో వస్తామన్న కారణం చూపి ముగ్గురు స్నేహితులు ఒకే జట్టు అడుగుతారు, ఆ ముగ్గురూ అనుకోకుండా వేగంగా పరిగెత్తేవాళ్లే అవుతారు. సీజన్ మొదలు కాకముందే ఎనిమిది ఆటల్లో ఐదింటి ఫలితం తేలిపోతుంది. తర్వాత మైదానంలో కోచ్ "ఫలితం ముఖ్యం కాదు, సరదాగా ఆడండి" అని ఎంత చెప్పినా ఆ పాపం పోదు.

వీధిలో ఆడుకొన్న పిల్లలకు ఇది తెలుసు. చెడుగుడుకో బిళ్లంగోడుకో జట్లు కట్టేటప్పుడు సమ ఉజ్జీలైన ఇద్దరు జతగా పక్కకు వెళ్లి, ఒకడు మామిడి, ఇంకొకడు జామ అని రహస్యంగా పేర్లు పెట్టుకొని వచ్చేవారు. నాయకులిద్దరిలో ఒకడు మామిడి కావాలంటే రెండోవాడికి జామ దక్కేది. ఎవరు ఎవరికి సరిజోడో పెద్దల కన్నా వాళ్లకే బాగా తెలుసు, అందులో మోసం చేస్తే ఆట చప్పబడుతుందనీ వాళ్లకే ముందు తెలిసేది. ఉజ్జీ అన్న మాటకు సాటివాడు అనే అర్థం ఉంది. ఎదురు నిలిచేవాడు సాటివాడే అయి ఉండాలన్న సంగతి ఆ మాటలోనే ఇమిడి ఉంది.

అంత జాగ్రత్త పడ్డా కొన్ని శనివారాలు ఆట ఏకపక్షమవుతుంది. అప్పుడు ఏం చేయాలన్నది కోచ్ పరీక్ష. ఐదు పాస్‌లు పూర్తయ్యాకే గోల్ కొట్టండని గెలుస్తున్న జట్టుకు చెప్పడం వాడుకలో ఉంది. నేనూ ఒకసారి చెప్పి సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఎదుటి పిల్లలు బంతి దొరకక గుండ్రంగా తిరుగుతుంటే అది గోల్ కొట్టించుకోవడం కన్నా పెద్ద అవమానంలా కనిపించింది. ఎడమ కాలితోనే కొట్టండనడం కొంత నయం, కానీ పిల్లలు దాన్ని పైకి గట్టిగా చెప్పుకొని నవ్వుతారు. కొన్ని లీగుల్లో నాలుగైదు గోల్స్ తేడా రాగానే ఓడుతున్న జట్టు ఒకరిని అదనంగా దించుకోవచ్చు. నా మటుకు ఇదే మేలైనది, చప్పుడు లేనిది. ఇద్దరు కోచ్‌లు ఒకరి మొహం ఒకరు చూసుకొని తలూపితే చాలు. దానితోపాటు మన గోల్ వీరుణ్ణి వెనక్కి పంపి, లేసులు కట్టుకొనే అమ్మాయిని ముందుకు పంపడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

పుట్టినతేదీ సంగతి చిన్నగానే చెబుతాను, అయినా దాని ప్రభావం చిన్నది కాదు. కెనడా హాకీ ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉన్నారని రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో చూపించింది. వయసు గడువు తేదీ దాటిన వెంటనే పుట్టినవాళ్లు తోటివారి కన్నా కొన్ని నెలలు పెద్దవాళ్లు కావడంతో, ఆ బలాన్ని అందరూ ప్రతిభ అనుకొని వాళ్లకే ఎక్కువ అవకాశాలిస్తారు. అమెరికా సాకర్ 2017 నాటికి ఈ గడువును జనవరి 1కి మార్చింది. దాంతో ఒకే తరగతిలో చదివే పిల్లలు రెండు వయోవర్గాలుగా చీలిపోయారు. స్నేహితులతో ఆడటానికే వచ్చే రెక్ పిల్లలకు ఇది పెద్ద దెబ్బ అయింది, అందుకే 2026–27 సీజన్ నుంచి పెద్ద సంస్థలు ఆగస్టు 1 నుంచి జులై 31 దాకా లెక్కించే పాత పద్ధతికి తిరిగి వెళ్తున్నాయి.

పోటీని సరదాగా మార్చే అసలు చోటు ఆట కాదు, ప్రాక్టీస్. వారానికి ఒకటో రెండో గంటలు దొరుకుతాయి, అందులో పిల్లలను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత కోన్ల చుట్టూ బంతి నడిపిస్తే ముప్పావు వంతు సమయం నిలబడటంలోనే పోతుంది. నేను నేర్చుకొన్న అన్నింటిలో ఎక్కువ పనికొచ్చినది ఒక చిన్న ఏర్పాటు. కోన్లతో ఐదారు బుల్లి గళ్లు వరసగా కట్టి, ఒక్కో గళ్లో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, రెండు నిమిషాల ఆట ఆడిస్తాను. ఈల ఊదగానే గెలిచినవాళ్లు కుడివైపు గళ్లోకి, ఓడినవాళ్లు ఎడమవైపు గళ్లోకి జరగాలి. నాలుగైదు ఈలలు అయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే ప్రతి పిల్లకూ తన ఉజ్జీ ఎదురుగా నిలబడి ఉంటుంది. చివరి గళ్లో ఇద్దరు కొత్త పిల్లలు చెమటలు కక్కుతూ పోట్లాడుకొనే తీరు, మొదటి గళ్లోని మొనగాళ్ల పోట్లాటకు ఏమాత్రం తీసిపోదు. నాలుగు గీతల అమ్మాయి ఒకరోజు ఆ చివరి గళ్లో మొదలుపెట్టి వరసగా మూడుసార్లు గెలిచి, కుడివైపుకు జరుగుతూ నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ రోజు బూటు లేసు ఒక్కసారి కూడా విప్పలేదు.

ఇక గీత బయట కూర్చొన్న మన సంగతి. ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగి వచ్చినవాళ్లే. ఆ ఒత్తిడిని తిట్టుకుంటూనే ఆరేళ్ల పిల్లవాడి ఆటలో ర్యాంకు వెతుకుతాం. నేనూ అతీతుణ్ణి కాను. మన కేకల్లో ఎక్కువ భాగం ప్రోత్సాహం కాదు, సూచనలు: ఇటు పరిగెత్తు, అటు తన్ను, వాడికివ్వు. కోచ్ ఒకటి చెబుతాడు, తండ్రి ఇంకొకటి చెబుతాడు, రెండు మాటల మధ్య పిల్ల నిలబడిపోతుంది, బంతి దాటిపోతుంది. 1999లో క్లీవ్‌లాండ్ ప్రాంతంలోని ఒక బాలికల లీగ్ ఒక ఆదివారం మొత్తం పెద్దలెవరూ నోరు మెదపకూడదని నిర్ణయించింది, ఆ తర్వాత అలాంటి మౌన దినాలు దేశమంతటా లీగులు పాటిస్తున్నాయి. కొన్ని చోట్ల తల్లిదండ్రుల నోటికి పని కల్పించడానికి లాలీపాప్‌లు కూడా పంచుతారు. మొదట్లో మైదానం వింతగా నిశ్శబ్దంగా ఉంటుంది. కాసేపయ్యాక పిల్లలు ఒకరినొకరు పేర్లతో పిలుచుకోవడం వినిపిస్తుంది, అంతవరకూ వాళ్ల గొంతులకు చోటే లేదని అప్పుడు తెలుస్తుంది.

కేకలు ఎక్కువగా తగిలేది రెఫరీకి. రెక్ ఆటల్లో ఈల పట్టుకొనేది తరచుగా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలే, అంటే ఆడేవాళ్ల అన్నలు, అక్కలు. త్రో-ఇన్ తప్పు చెప్పాడని నలభై ఏళ్ల మనిషి అరిస్తే ఆ పిల్లవాడు మరుసటి సీజన్‌లో రాడు. రెఫరీల కొరతకు ఈ దూషణ ముఖ్య కారణం కావడంతో యు.ఎస్. సాకర్ 2025లో శిక్షలను కఠినం చేసింది, మైనర్ రెఫరీల విషయంలో మరింతగా.

స్కోర్లు రాయాలా, పట్టిక పెట్టాలా అన్న ప్రశ్నకు నార్వే స్పష్టమైన గీత గీసింది. అక్కడి పిల్లల క్రీడల నియమాల ప్రకారం పదకొండో ఏడు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు, పదమూడు రాకుండా జాతీయ చాంపియన్‌షిప్ ఉండదు. ఇవాళ ప్రపంచమంతా ఎరిగిన నార్వే ఫుట్‌బాల్ ఆటగాడు ఎర్లింగ్ హాలాండ్ బ్రూనే అనే చిన్న ఊరి క్లబ్‌లో ఆ నియమాల కిందే పెరిగాడు. కాబట్టి పట్టిక లేకపోతే కసి పుట్టదన్న భయానికి ఆధారం లేదు. అయితే పట్టిక లేకపోవడానికీ స్కోరు లేకపోవడానికీ తేడా ఉంది. స్కోరు దాచడం వృథా ప్రయాస. బోర్డు తీసేసిన ఆటలోనూ పిల్లలకు స్కోరు కచ్చితంగా తెలుసు, కారెక్కే లోపే మరచిపోతారంతే. పట్టిక పెడితే మాత్రం దాన్ని మనం బుధవారం దాకా గుర్తుపెట్టుకొని భోజనాల దగ్గర తీస్తాం. పన్నెండు దాటాక పిల్లలే పట్టిక అడుగుతారు, అప్పుడు ఇవ్వకపోవడం వాళ్లను అరటిపండ్లను చేయడమే.

మొన్న వానకు ఆట రద్దయింది. కోచ్‌లెవరూ రాలేదు, వాన వెలిశాక పార్కులో రెండు జట్ల పిల్లలు కొందరు వాళ్లంతట వాళ్లే ఆడుకోవడం మొదలుపెట్టారు, మేం కార్లలో కూర్చొని చూస్తున్నాం. పది నిమిషాల్లో 5–0 అయింది. గోల్స్ కొట్టిన అబ్బాయి బంతి మీద కాలు పెట్టి ఆపి, చుట్టూ చూసి, "నేను అటు వెళ్తా, వాళ్లిద్దరినీ ఇటు పంపండి" అన్నాడు. ఎవరూ వాదించలేదు. ఇద్దరు ఇటు, ఒకడు అటు మారారు. ఎవరో "జీరో–జీరో" అని అరిచారు, బంతి మళ్లీ కదిలింది.